రోట్లో చెయ్యి

అనగనగా, ఏటి అవతల, ఒకానొక ఊళ్ళో ఇద్దరు తోటికోడళ్ళు ఉండేవారు. తోటికోడళ్ళంటే అన్నదమ్ముల పెళ్ళాలే పిచ్చితల్లీ. పెద్దామె వరహాలు, చిన్నామె సత్తెమ్మ. సత్తెమ్మకి బుల్లి అని నీ ఈడు కూతురుంది. వరహాలుకి పిల్లల్లేరు. అయితేనేం, బుల్లి పడుకునేది ఆవిడ పక్కలోనే. నువ్వు ఊఁ కొట్టు మరి, కొట్టకపోతే గోడకి చెప్పినట్టుంటుంది నాకు.

వాళ్ళిద్దరిదీ అటుకులు దంచే పని. వడ్లు నానబెట్టి, మట్టి మంగలంలో వేయించి, వేడి మీదే రోట్లో పోసి దంచాలి. వరహాలు రోకలి వేసేది. సత్తెమ్మ రోటి పక్కన కూచుని, రోకలి పైకి లేవగానే చెయ్యి పెట్టి వడ్లు తిరగేసేది, దిగేలోగా తీసేసేది. వేళ్ళు నలగవా అంటావా? నలగవు. ఒకరి చెయ్యి ఒకరికి తెలుసు కనక.

అలా ఉండగా ఒకరోజు ఏమైందంటే, ఆరబోసిన వడ్ల మీదికి కోడి వచ్చింది. వరహాలు తల తిప్పి అదిలించింది. ఆ తిప్పడంలో రోకలి ఓ క్షణం ముందే పడింది. సత్తెమ్మ చెయ్యి ఇంకా లోపలే ఉంది. అయ్యో, రెండు వేళ్ళు చితికిపోయాయమ్మా.

అప్పుడు అందరూ పరిగెత్తుకొచ్చారు. కట్టు కట్టేవాణ్ణి పిలిచారు. వరహాలు మాత్రం దొడ్లోకి పోయి గడ్డివాము చాటున కూలబడింది. ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అదే వచ్చిన చిక్కు. ఎవరన్నా నాలుగు తిట్టినా, ఏడ్చేసి తేలికపడేది పాపం.

ఆ తర్వాత ఆవిడ రోకలి ముట్టలేదు. సత్తెమ్మ ఉన్న గది గుమ్మం తొక్కలేదు. బుల్లిని దగ్గరికి రానివ్వలేదు. పెరటి గదిలో వేరు కుంపటి పెట్టుకుంది. సత్తెమ్మేమో, ఎలా ఉన్నావని అడగడానికైనా అక్క రాలేదే అని లోలోపలే కుమిలిపోయింది. ఒకే చూరు కింద ఇద్దరూ మూగనోము పట్టారు. ఇద్దరికీ బుద్ధి లేదు, ఏం చెప్పమంటావు.

ఆర్నెల్లు గడిచాయి. వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. అప్పుడొక సంగతి తెలిసింది. వరహాలు పుట్టింటికి పోతుందట, బేస్తవారం బండి కట్టమందట, మళ్ళీ రాదట. సత్తెమ్మకి గుండె జారిపోయింది. కోపం కోపమే గానీ, అక్క లేని ఇల్లు ఇల్లేనా?

అప్పుడు పంతం పక్కన పెట్టి, గిన్నెడు పనసపొట్టు కూర పంపింది. వరహాలు గిన్నె కడిగి ఉత్త గిన్నే అరుగు మీద పెట్టేసింది. ఉత్త గిన్నె తిరిగి ఇస్తారా ఎవరన్నా? కనీసం నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి ఇస్తారు. సత్తెమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ చేత జడ వేయించుకు రమ్మని బుల్లిని పంపింది. బుల్లి దువ్వెన పట్టుకుని వెళ్ళింది, వెళ్ళినంతసేపు కూడా పట్టలేదు తిరిగి రావడానికి.

"పెద్దమ్మ చేతులు కొంగు కింద దాచేసుకుందమ్మా. తను తాకితే నాకేదో అవుతుందట."

సత్తెమ్మ ఇన్నాళ్ళూ అక్కకి తనంటే గిట్టడం లేదనుకుంది. అక్క తన చేతులకి తనే భయపడుతోందని అప్పుడు తెలిసింది. నేనైనా ఒక్కసారి వెళ్ళి పలకరించానా అని తన్ను తాను తిట్టుకుంది.

బుధవారం పొద్దున్నే వడ్లు వేయించి, వేడివేడిగా రోట్లో పోసింది. పెరటి గది ముందు నిలబడి, దంచడానికి రా అక్కా అని పిలిచింది. వరహాలు రానంది. ఊళ్ళో ఇంకెవరూ లేరా అంది. అప్పుడు సత్తెమ్మ రోటి దగ్గర చతికిలబడి, ఆ వంకర వేళ్ళ చెయ్యే లోపల పెట్టింది.

"నువ్వొచ్చేదాకా ఈ చెయ్యి తియ్యను."

వేయించిన వడ్లు చురుక్కుమంటాయి కదా. వరహాలు చూడలేకపోయింది. ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టి లాగేసింది. లాగిన చెయ్యి ఇంక వదల్లేకపోయింది. ఆ వేళ్ళని దగ్గరగా చూడ్డం అదే మొదలు. ఒక్కొక్క వేలూ తడిమి చూసింది. ఆర్నెల్ల కిందట అడగాల్సిన మాట అప్పుడు అడిగింది.

"చాలా నొప్పెట్టిందా, సత్తీ?"

కట్టు కట్టినప్పుడు కూడా ఏడవని సత్తెమ్మ, అంత మాటకి భోరుమంది.

"చాలా నొప్పెట్టిందక్కా. నువ్వొస్తావని ఎంత ఎదురుచూశానో."

అప్పుడు వరహాలు కూడా ఏడ్చింది. ఆర్నెల్ల ఏడుపు కదా, ఓ పట్టాన ఆగలేదు. పక్కింటివాళ్ళు ఏమైందోనని గోడ మీంచి తొంగిచూసి, సంగతి తెలిసి, వాళ్ళూ కళ్ళు తుడుచుకుని పోయారు.

మర్నాడు బండి రానే వచ్చింది. వరహాలే ఎదురెళ్ళి, బండివాడికి చెంబుడు మజ్జిగ ఇచ్చి, నేనెక్కడికీ రావడం లేదు నాయనా, పోయిరా అంది. అలాగని రోకలి ఆవేళే పట్టేసిందనుకునేవు. తన చేతులంటే ఉన్న ఆ భయం పోవడానికి పదిహేను రోజులు పట్టింది. అన్నాళ్ళూ సత్తెమ్మ తొందరపెట్టలేదు, పక్కనే కూచుంది.

కథ వెళ్ళింది కంచికి,
పెద్దమ్మ మళ్ళింది ఇంటికి,
ఇంక నిద్ర రావాలి నీ కంటికి.