ఒంటరి పరిగె

తుమ్మలకోన అడవిలో ఆకులకన్నా ముళ్ళు ఎక్కువ. వాన అక్కడికి చుట్టపుచూపుగా వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా వెళ్ళిపోతుంది. నక్కలు, ఉడుములు, ముంగిసలు, కౌజుపిట్టలు ఆ ఎండలో ఎలాగో బతుకుతుంటాయి. ఆ ఎండు అడవి నడుమ, కనుచూపు ఆననంత పెద్ద జలాశయం ఒకటి ఉంది. దాని పేరు నల్లబండ.

నల్లబండ నీళ్ళలో చేపలు తెగలు తెగలుగా ఉండేవి. వెండిరంగు పరిగెలు ఎప్పుడూ గుంపుగా తిరిగేవి. పొడుగాటి వాలుగలు దండుగా వెళ్ళి ఆ పరిగెలను వేటాడేవి. వాలుగల నాయకుడి పేరు ఓబులేసు. వాడి నోరు తెరిస్తే చిన్న బుట్టంత ఉండేది. గట్టుకు దగ్గరగా, బండల నీడలో కొర్రమీను ఈరమ్మ, ఆమె మగడు బసప్ప కాపురం ఉండేవారు. వాళ్ళకు కొంచెం దూరంలో తిమ్మక్క అనే ముసలి తాబేలు ఉండేది.

చలికాలమంతా చేపలు నీటి అడుగున కదలకుండా పడి ఉన్నాయి. శివరాత్రి దాటింది. చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. ముందుగా గట్టు దగ్గరి లోతులేని నీళ్ళు వెచ్చబడ్డాయి. పరిగెలు ఆ వెచ్చదనం కోసం పైకి వచ్చాయి. ఆకలితో కడుపులు వెన్నుకంటుకున్న వాలుగలు వాటి వెనకే వచ్చాయి. ఈరమ్మ అప్పటికే పిల్లలను కన్నది. మిరపపండు రంగులో ఉన్న ఆ పిల్లలకు తల్లీ తండ్రీ వంతులవారీగా కాపలా కాసేవారు.

ఒక ఉదయం ఈరమ్మ మేతకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పిల్లలు చెల్లాచెదురుగా రాళ్ళ సందుల్లో దాక్కుని ఉన్నాయి. బసప్ప లేడు.

"నాన్న ఏడి?" అని అడిగింది ఈరమ్మ.

"ఏదో మా మీదికి వచ్చిందమ్మా. నాన్న దాని మీదికి దూకాడు. అంతే, మళ్ళీ కనబడలేదు," అన్నాయి పిల్లలు.

ఈరమ్మ బండలన్నీ వెతికింది. రక్తం లేదు. నీటికుక్క వాసన లేదు. నీటి పైకి తేలిన శవమూ లేదు. అప్పుడే తిమ్మక్క గట్టు వైపు నుంచి గబగబా నీళ్ళలోకి దిగడం ఆమె చూసింది. తాబేలు అంత తొందరగా నడవడం ఈరమ్మ ఏనాడూ చూడలేదు.

"తిమ్మక్కా, పొద్దున్నే గట్టు మీద నీకేం పని?" అని అడిగింది.

"ఏదో ఉందిలే," అని తిమ్మక్క తల లోపలికి లాక్కుంది.

ఈరమ్మ గుండెలో ముల్లు గుచ్చుకుంది. ఎప్పుడూ పలకరించే తాబేలు ఇవాళ ముఖం ఎందుకు దాచింది?

మరుసటి రోజు రెండు వాలుగలు మాయమయ్యాయి. ఆ తరువాతి రోజు ఇంకొకటి. అన్నీ ఉదయం పూటే. అన్నీ గట్టు దగ్గరే. ఇక నల్లబండలో ఎవరినీ ఎవరూ నమ్మలేదు. పరిగెలు ఒకరి వెనక ఒకరు ఈదడం మానేసి, పక్కపక్కన ఈదసాగాయి. వాలుగలు నిద్రలో కూడా ఒకదాని తోక మీద ఒకటి కన్ను వేసి ఉంచాయి. ఈరమ్మ ఆకు కదిలినా పిల్లలను రాతి కిందికి తోసేది. పక్కనుంచి ఎండ్రకాయ వెళ్ళినా, "ఎటు పోతున్నావు? ఎందుకు పోతున్నావు?" అని నిలదీసేది.

ఓబులేసు అందరినీ పిలిచి పెద్దగా అన్నాడు: "మనలో ఎవరికైనా నేల మీదికి దారి ఉందా? లేదు. తాబేలుకు ఒక్కదానికే ఉంది. మన చేపలను గట్టు మీది నక్కలకు అప్పగిస్తున్నది అదే. దాన్ని ఈ నీళ్ళలోంచి తరిమేయాలి."

చేపలన్నీ తిమ్మక్క వైపు తిరిగాయి.

"రోజూ పొద్దున్నే ఎక్కడికి పోతున్నావో చెప్పు," అని గద్దించాడు ఓబులేసు.

"చెప్పను," అంది తిమ్మక్క.

"చూశారా! తప్పు చేయనివాడికి దాచుకునేది ఏముంటుంది?"

అందరూ అవునవునన్నారు. ఈరమ్మ కూడా అంది. అయినా ఆమె మనసులో చిన్న మెలిక మిగిలింది. తాబేలుది పళ్ళు లేని నోరు. బసప్ప మూరెడు పొడవున్న కొర్రమీను. ఒక్క దెబ్బకు తాబేలును వెల్లకిలా తిప్పగలడు. అలాంటివాణ్ణి ఈ ముసలిది ఎలా లాక్కుపోయింది?

"ఓబులేసన్నా, తరిమేయడం ఎప్పుడైనా తరమవచ్చు," అంది ఈరమ్మ. "రేపు పొద్దున తిమ్మక్కను బండసందులో కూర్చోబెట్టి కాపలా పెడదాం. చేపలేవీ మాయం కాకపోతే దొంగ ఆమే. మాయమైతే దొంగ వేరే ఉన్నట్టు."

ఓబులేసు ఇష్టం లేకపోయినా సరే అన్నాడు.

తిమ్మక్క మాత్రం మొదటిసారి బతిమాలింది. "రేపొక్క రోజు వదిలెయ్యి ఈరమ్మా. రేపు నాకు గట్టు మీద తప్పనిసరి పని ఉంది. ఎల్లుండి నుంచి ఎన్నాళ్ళయినా కూర్చుంటాను."

అంతగా బతిమాలేసరికి ఈరమ్మ అనుమానం రెట్టింపయింది. "కుదరదు. రేపే," అంది.

తెల్లవారింది. తిమ్మక్కను బండసందులో కూర్చోబెట్టారు. ఆమె ఊపిరి కోసం పైకి వెళ్ళినప్పుడల్లా రెండు వాలుగలు చెరోపక్కన ఉండి వెళ్ళివచ్చాయి. ఈరమ్మ పిల్లలను రాతి కింద దాచి, తాను బయట నాచులో ఒదిగి కూర్చుంది.

కొంతసేపటికి పైన ఒక పొడుగాటి నీడ వచ్చి నిలిచింది. 'టుప్' మని ఏదో నీళ్ళలో పడింది. ఆ వెంటనే వెండిరంగు పరిగె ఒకటి కుంటుకుంటూ ఈరమ్మ ముందునుంచి వెళ్ళింది. దాని తోక దగ్గర నల్లటి చుక్క ఉంది. దెబ్బ తగిలినదానిలా వణుకుతోంది. ఈరమ్మకు నాలుగు రోజులుగా సరైన మేత లేదు. నోరూరింది. ఒక్క అడుగు ముందుకు కదిలింది. కానీ ఆగిపోయింది.

పరిగె ఒంటరిగా ఎందుకు ఉంది?

కాసేపటికి మళ్ళీ 'టుప్' మంది. మళ్ళీ అదే పరిగె. అదే చోట నల్లటి చుక్క. అదే వణుకు, ఒకే తాళం మీద. ఇందాక నీడ వైపు వెళ్ళింది కదా, ఈరమ్మ కళ్ళ ముందునుంచి తిరిగి రాకుండానే మళ్ళీ ఇక్కడికి ఎలా వచ్చింది? పక్కనే పరిగెల గుంపు ఒకటి మేస్తోంది. వాటిలో ఒక్కటి కూడా దాన్ని పలకరించలేదు. అది వస్తుంటే పక్కకు తప్పుకున్నాయి.

మూడోసారి అది పిల్లలు దాక్కున్న రాతి మీదికే వచ్చింది. ఈరమ్మ ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచి పట్టేయబోయింది. ఆఖరి క్షణంలో మనసు మార్చుకుని, నోరు మూసుకునే మూతితో ఒక్క పోటు పొడిచింది.

అది మెత్తగా లేదు. ఎండుకట్టెలా గట్టిగా ఉంది. రక్తం రుచి లేదు. దాని పొట్ట కింద వంకర ముల్లు ఒకటి ఈరమ్మ పెదవిని గీరి పోయింది. మూతి నుంచి సాలెగూటి పోగులాంటి సన్నని దారం పైకి, ఆ నీడ దాకా సాగి ఉంది.

అప్పుడు ఈరమ్మకు అంతా అర్థమైంది. బసప్ప ఆకలితో నోరు తెరవలేదు. పిల్లల కోసం తెరిచాడు.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. నేరుగా వాలుగల దండు దగ్గరికి ఈదింది. అప్పటికే దండులో ఒక చేప తగ్గింది. "ఎవరూ కదలకండి! ఆ కుంటి పరిగె చేప కాదు. కట్టెముక్క. దానికి ముల్లుంది, దారముంది. బసప్పనూ మీవాళ్ళనూ తీసుకుపోయింది అదే. ఇదిగో, నా పెదవి చూడండి!"

వాలుగలు భయంతో వెనక్కి జరిగాయి. ఓబులేసుకు అది నచ్చలేదు. తన దండు ఇంకొకరి మాట వినడం వాడికి తలకొట్టేసినట్టయింది.

"తాబేలు సంగతి మరిచారా? ఇది కూడా దాంతో కలిసిపోయింది," అన్నాడు.

"తిమ్మక్క పొద్దుటి నుంచి బండసందులోనే ఉందన్నా. కాపలా మీవాళ్ళదే. అయినా ఇవాళ ఒక చేప పోయింది. లెక్క చూసుకో."

అంతలో 'టుప్' మంది. కుంటి పరిగె దండు ముందునుంచి మెరుస్తూ వెళ్ళింది.

"వద్దన్నా! పట్టాలనుకుంటే ముందు మూతితో పొడిచి చూడు," అని అరిచింది ఈరమ్మ.

"పరిగె నన్ను చూసి వణకాలి గానీ, పరిగెను చూసి నేను వణకాలా?" అన్నాడు ఓబులేసు.

బుట్టంత నోరు తెరిచి మింగేశాడు. మరుక్షణం వాడి తల పక్కకు తిరిగిపోయింది. వాడు అడుగుకు దూకాడు. దారం పైకి లాగింది. బురద లేచింది. నీళ్ళు సుడి తిరిగాయి. తోకతో బండలను బాదాడు. "పట్టుకోండిరా!" అని అరవబోయాడు గానీ నోరు మూతపడలేదు. దండు మొత్తం చూస్తుండగానే ఓబులేసు పొడుగాటి నీడ వైపు జరిగి, జరిగి, నీటి పైకి లేచి మాయమయ్యాడు.

ఆ నీడ ఒక పడవ. అందులో గాలం వేసే మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు.

చేపలన్నీ ఆ రోజే లోతు నీళ్ళకు దిగిపోయాయి. ఈరమ్మ పిల్లలను నాచు మధ్య నుంచి నడిపించుకుంటూ తీసుకుపోయింది. ఆ మనిషి ఇంకో మూడు రోజులు గాలం వేశాడు. ఒంటరిగా కుంటుతూ వచ్చిన ప్రతిదాన్నీ చేపలు దూరం నుంచే చూసి పంపించాయి. నాలుగో రోజు పడవ రాలేదు.

ఈరమ్మ తిమ్మక్క దగ్గరికి వెళ్ళింది. "నిన్ను అనుమానించాను. తప్పయింది. కానీ గట్టు మీద నీ పని ఏమిటో అప్పుడే చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు కదక్కా?"

తిమ్మక్క మెల్లగా చెప్పింది. "గుడ్లు పెట్టడానికి గుంట తవ్వుకున్నాను. చోటు చెబితే నలుగురి నోళ్ళలో పడి ఉడుము చెవికి చేరదా? మీరంతా నన్ను నిలదీసిన రోజు పొద్దున్నే గుడ్లు పెట్టాను. ఇసుక కప్పుతుంటే నక్క వాసన వచ్చింది. సగంలో వదిలి నీళ్ళలోకి దూకాను. మర్నాడు వెళ్ళి కప్పాలనుకున్నాను. ఆ మర్నాడే నన్ను బండసందులో కూర్చోబెట్టారు. నేను వెళ్ళేసరికి గుంటలో పెంకులు మిగిలాయి."

ఈరమ్మ చుట్టూ తన ఎర్రటి పిల్లలు ఆడుకుంటున్నాయి. వాటిని తిమ్మక్క కంట పడకుండా ఎక్కడ దాచాలో ఆమెకు తెలియలేదు.

"పరీక్ష పెట్టమన్నది నువ్వే. లేకపోతే ఆ రోజే నన్ను తరిమేసేవాళ్ళు. అది మరిచిపోను," అంది తిమ్మక్క. "ఒక్క రోజు ఆగమంటే ఆగనిదీ నువ్వే. అది కూడా మరిచిపోను."

నెల తిరిగింది. ఒక ఉదయం తిమ్మక్క మళ్ళీ గట్టు వైపు బయలుదేరింది. ఈరమ్మ ఎదురుపడింది. ఎక్కడికని అడగలేదు. పిల్లలను వెంటబెట్టుకుని, తిమ్మక్క ఎక్కిన గట్టుకు వీపు తిప్పి, నీళ్ళలో అడ్డంగా నిలుచుంది. అటు రాబోయిన వాలుగలను, "ఇటు దారి లేదు, చుట్టు తిరిగి పొండి," అని పంపేసింది. తిమ్మక్క పని ముగించుకుని, ఇసుక చదును చేసుకుని, తీరిగ్గా నీళ్ళలోకి దిగేదాకా ఆమె అక్కడే ఉంది.

నీతి: అనుమానం వస్తే పరీక్షించి చూడాలి; నిజం తేలకముందే వేసిన శిక్షను, నిజం తేలిన తరువాత వెనక్కి తీసుకోలేం.