తౌడమ్మ మూసిన తూములు

పడుకున్నావా బుజ్జీ? కాళ్ళు కదపకుండా విను.

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి మీద ఒక రాతి వంతెన. మా తాతల కంటే పెద్దది. రోజూ ఒక బస్సు దాని మీదుగా సంతకి వెళ్ళేది. ఆ బస్సు మీద గంపలు పెట్టించుకుని తౌడమ్మ అనే కుమ్మరామె కుండలు అమ్ముకోవడానికి వెళ్ళేది.

పచ్చి కుండలు ఎండలో పెడితే పగులుతాయి. అందుకని తౌడమ్మ వాటిని వంతెన కింద నీడలో ఆరబెట్టుకునేది. ఆ వంతెన గోడలో మూడు చిన్న తూములున్నాయి. రాళ్ళలోకి దిగిన వాననీళ్ళు వాటిలోంచి బొట్లు బొట్లుగా కారేవి.

ఒక ఏడు ఆ బొట్లు పడి ఆమె కుండలు చితికిపోయాయి. అప్పుడు ఆమె ఒక తూములో బంకమట్టి కూరి, పైన సిమెంటు పూసేసింది. ఆ తర్వాతి ఏడు రెండోది మూసింది. ఆ పై ఏడు మూడోది మూసింది. కుండలు చక్కగా ఆరాయి.

అప్పుడు గోడకి చెమ్మ పట్టింది. ఆ తర్వాత గోడ ఉబ్బింది. ఆ తర్వాత ఒక రాయి ఊడి ఏట్లో పడింది.

బస్సు చుట్టుదారి పట్టింది. అంతా గతుకులే. సంతకి చేరేసరికి తౌడమ్మ కుండలు సగం పగిలేవి. కండక్టరు జోగినాయుడు గంప దించుతూ, "ఏం పిన్నీ, ఈ వారం పెంకులు ఎంతకిస్తున్నావు?" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె ఇంట్లో పొయ్యి మాత్రం ఒక పూటే వెలిగేది.

అప్పుడు సుహాసిని అనే ఇంజనీరమ్మ వచ్చింది. ఊరి పెద్దలు పాతది కూలగొట్టి పారేయమన్నారు. ఆమె రాళ్ళన్నీ తట్టి చూసి ఇలా చెప్పింది: "కూలగొట్టడం ఎంతసేపు? ఇలాంటిది మళ్ళీ కట్టలేం. కానీ లోపల నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో తెలియాలి. తెలియకుండా బస్సుని, అందులో మనుషుల్ని దీని మీదకి పంపలేను."

ఆ మాట వినగానే తౌడమ్మకి తను మూసిన తూములు గుర్తొచ్చాయి. ఇంటికెళ్ళి అత్తకి చెప్పింది. ఊరంతా తిట్టిపోస్తారు, నోరు మూసుకోమంది అత్త.

ఇక్కడ బాగా విను బుజ్జీ. మూసినప్పుడు ఆమెకి తెలియదు. తెలిశాక కూడా దాచిపెడితే అది ఇంకో తప్పు, మొదటిదాని కంటే పెద్దది.

మర్నాడు పొద్దున్నే తౌడమ్మ ఊరందరి ముందూ నిలబడింది.

"అమ్మా, నీళ్ళకి దారి లేకుండా చేసింది నేనే. నా కుండలు తడుస్తున్నాయని తూములు మూసేశాను," అంది.

ఎవరూ నవ్వలేదు. జోగినాయుడు కూడా నవ్వలేదు. ఇంజనీరమ్మ ఒక నిచ్చెన తెప్పించి, "ఎక్కడో చూపించు తల్లీ," అంది.

తౌడమ్మ చూపించింది. మొదటి తూము తెరిస్తే బురద కారింది. రెండోది తెరిస్తే ఎర్రనీళ్ళు కారాయి. మూడోది తెరిస్తే తెల్లటి నీళ్ళు ధారగా దూకాయి.

ఆ తర్వాత పడిన రాయిని ఏట్లోంచి తీసి దాని చోటే పెట్టారు. పాతవాళ్ళు వాడిన గానుగ సున్నంతోనే అతికారు. బరువు లారీలు చుట్టుదారిన పోవాలనీ, బస్సు మెల్లగా దాటాలనీ కట్టడి చేశారు. ఏటా వానలకి ముందు తూములు శుభ్రం చేసే పని తౌడమ్మే అడిగి తీసుకుంది.

బస్సు మళ్ళీ వంతెన ఎక్కిన రోజు గంపలో ఒక్క కుండా పగల్లేదు. జోగినాయుడు తన ఇంటికని ఒక కూజా కొనుక్కున్నాడు. ఇప్పటికీ వానొస్తే తూములు కారతాయి. తౌడమ్మ లేచి కుండల్ని ఇంత పక్కకి జరుపుకుంటుంది. అంతే. అంత చిన్న పనమ్మా అది.

నీళ్ళు ఏటికి, బస్సు సంతకి,
కథ కంచికి, కునుకు నీ కంటికి.