కాలు కదలని డీజే

సాయంత్రం ఐదింటికి భీమిలి తీరంలో ఇసుక మీద మూడొందల మంది ఊగుతున్నారు. ఐదుంబావుకల్లా వాళ్లలో సగం మంది నీళ్ల సీసాలు పట్టుకుని కూర్చుండిపోయారు.

స్టేజి మీద కెజియా కూర్చున్నవాళ్లని లెక్కపెడుతోంది. ఏలియా మాస్టారి దగ్గర మూడేళ్లు డీజే పని నేర్చుకున్నాక దొరికిన మొదటి స్టేజి ఇది. ఐదున్నరకి జనం లేవకపోతే ఇంకొకర్ని ఎక్కిస్తానని నిర్వాహకుడు మొహం మీదే చెప్పి వెళ్లాడు.

నిమిషానికి నూట ఇరవై నాలుగు బీట్ల దగ్గర మొదలుపెట్టిన పాటని ఆమె ఈపాటికే నూట ముప్ఫై రెండు చేసింది. ఇంకో పదిమంది కూర్చున్నారు. నూట నలభైకి లాగింది. ఉన్నవాళ్లూ పక్కకి జరిగారు. భయమేస్తే వేగం పెంచడం కొత్త డీజేలందరికీ ఉన్న జబ్బే.

"మాస్టారూ, ఇంకా పెంచనా? నూట యాభై?"

వెనక కుర్చీలోంచి ఏలియా మాస్టారు లేచి వచ్చారు. తెర మీద అంకె చూడలేదు. వంగి, బల్ల కింద కదలకుండా ఉన్న ఆమె పాదాల వంక చూశారు. తర్వాత ఆమె చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసేసుకున్నారు.

"దిగు. వెళ్లి ఆడు."

"ఇప్పుడా? పది నిమిషాలే ఉంది మాస్టారూ!"

"తొమ్మిది."

ఏడుపు దిగమింగుకుని దిగింది. జనంలో నిలబడి తన పాటకి తానే ఎగరడం మొదలుపెట్టింది. పాదం ఇసుకలోంచి పైకి వచ్చేలోపే తర్వాతి దెబ్బ పడిపోతోంది. నిమిషంలో పిక్కలు పట్టేశాయి. పక్కన చెప్పులు చేత్తో పట్టుకున్న ఒకావిడ, ఈమె ఎవరో తెలీక, ఆయాసపడుతూ అంది:

"ఎవులమ్మా ఈ డీజే? కుక్కలు ఎనకపడ్డట్టు తరుముతున్నాది!"

కెజియా సిగ్గుతో చచ్చిపోయింది. పరుగున స్టేజి ఎక్కింది. మాస్టారు దేన్నీ ముట్టుకోలేదు. అన్నీ తను వదిలినచోటే ఉన్నాయి.

ఆమె డ్రమ్ముల శబ్దం మొత్తం తీసేసింది. పాడే గొంతు ఒక్కటే మిగిలింది. జనం తలలు తిప్పారు. ఆ గొంతు సాగుతుండగా వేగాన్ని కొంచెం కొంచెంగా దించింది. ఐదూ ఇరవై ఎనిమిది. నిర్వాహకుడు మెట్లెక్కుతున్నాడు. ఆమె అటు చూడలేదు. పాదం ఇసుకలోంచి లేచి మళ్లీ ఇసుకలోకి దిగడానికి ఎంత పట్టిందో గుర్తు తెచ్చుకుని, అప్పుడు డ్రమ్ము వదిలింది.

చెప్పులావిడ చెప్పులు కింద పడేసి అందరికంటే ముందు ఎగిరింది. ఆమె వెనక ఒక వరస లేచింది. కాసేపటికి కూర్చున్నవాళ్లెవరూ కనబడలేదు. నిర్వాహకుడు సగం మెట్ల మీద నిలబడి చూసి, వెనక్కి దిగిపోయాడు.

"మాస్టారూ, ఇక వేగం ఎంతలో ఉంచమంటారు?" కెజియా అడిగింది.

ఆయన మళ్లీ వంగి బల్ల కింద చూశారు. ఆమె మడమ లేచి పడుతోంది.

"అది ఆగితే అడుగు" అని, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.