పొద్దున తొడిగిన చెప్పులు

అనగనగా ఒక అడవి, ఎండకి నాలుక బయటపెట్టిన అడవి. వానలు మొహం చాటేసి చాలా నెలలైంది. ఆ అడవిలో తుర్రి అనే చెవులపిల్లి ఉండేది. అది ఒక్కచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు! పొద్దస్తమానం కాలు కాలిన పిల్లిలా తిరిగేది. దాని అమ్మ ఈమధ్యే మళ్లీ ఈనింది. ఆ పిల్లలింకా పాలు తాగుతున్నారు.

ఒకరోజు పొద్దున్నే ఏనుగు పెద్దమ్మ అందరినీ పిలిచింది.

"మన మడుగు అడుగంటింది. నల్లకొండ అవతలి మడుగులో నీళ్లున్నాయో లేవో ఎవరైనా చూసి రావాలి. రేపు మధ్యాహ్నం దాకా చూస్తాం. కబురు రాకపోతే తూర్పుకి బయల్దేరతాం. అటు నీళ్లుంటాయన్న నమ్మకం నాకూ లేదు" అంది.

తుర్రికి తమ్ముళ్లు గుర్తొచ్చారు. నీళ్లు దొరక్కపోతే అమ్మకి పాలు రావు. పాలు లేకపోతే తమ్ముళ్లు బతకరు.

"నేను పోతా!" అని గెంతింది.

నల్లకొండ దారంతా కాలే బండలు, పల్లేరుకాయలు. చెప్పులు లేనిదే కుదరదు. ఆ అడవిలో చెప్పులల్లేది గిజిగాడు. గూడు అల్లే ముక్కుకి చెప్పులొక లెక్కా! కానీ ఆయనకో పద్ధతుంది. పొద్దునపూట ఎవరి కాలూ కొలవడు.

"సాయంత్రం దాకా అటూ ఇటూ తిరిగి, అప్పుడు రావే అమ్మాయ్" అన్నాడు గిజిగాడు. "నడిచిన కాలు ఉబ్బుతుంది. అప్పుడు కొలిస్తేనే అసలు కొలత. చల్లబడ్డాక బయల్దేరు. వెన్నెల్లో పరిగెత్తితే తెల్లారేసరికి తిరిగొస్తావు."

"సాయంత్రం దాకానా! ఆలస్యం అమృతం విషం అన్నారు మామా!"

"నిదానమే ప్రధానమని కూడా అన్నారు. పోనీ, అంత తొందరైతే ఇవి వేసుకో."

చూపించిన చెప్పులు బొద్దుగా ఉన్నాయి. లోపల బూరుగు దూది పరిచాడు. వేళ్ల ముందు కాస్త చోటు వదిలాడు.

"ఛీ, కప్పల్లా ఉన్నాయి!" అంది తుర్రి. దాని కళ్లు పక్క కొమ్మ మీదున్నాయి. అక్కడ ముంగిస పెళ్లికూతురి కోసం అల్లిన జత వేలాడుతోంది. సన్నగా, నాజూగ్గా, అంచున ఎర్రటి గురివింద గింజలతో మెరుస్తోంది. తుర్రి లాక్కుని తొడిగేసింది. పొద్దుటి చల్లదనానికి కాళ్లు సన్నగా ఉన్నాయేమో, ఎలాగో దూరాయి.

"చూడు మామా, అతికినట్టున్నాయి! పెళ్లికూతురికి ఇంకో జత అల్లివ్వు!"

"అవి పందిట్లో నాలుగడుగులు వేయడానికే, కొండెక్కడానికి కాదు!" అని గిజిగాడు అరుస్తూనే ఉన్నాడు. వినేవాళ్లెవరు? తుర్రి ఎప్పుడో దాటిపోయింది.

ముందు బాగానే పరిగెత్తింది. ఎండెక్కేసరికి కాళ్లు ఉబ్బాయి. కొండ ఎక్కుతుంటే మడమ ఒరుసుకుని బొబ్బ లేచింది. అయినా ఆగలేదు. అవతల దిగుతుంటే వేళ్లు ముందుకి జారి చెప్పు కొసకి గుద్దుకున్నాయి. గోళ్లు నల్లబడ్డాయి. అయినా ఆగలేదు. కింద మడుగు నిండా నీళ్లు! తుర్రి సంబరంగా చెప్పులు విప్పి కాళ్లు నీళ్లలో పెట్టింది. మళ్లీ తొడగబోతే చెప్పులు ఎక్కలేదు. లాగింది, తన్నింది, పళ్లతో కొరికింది. ఉబ్బిన కాళ్లు ఎక్కడ దూరతాయి?

ఇక వట్టి కాళ్లతోనే వెనక్కి బయల్దేరింది. బొబ్బలు చితికాయి. వాటిలో పల్లేరుకాయలు దిగాయి. గెంతాల్సిన చెవులపిల్లి కుంటింది, కుంటడం మాని పాకింది. 'వెళ్లిపోతారు, వెళ్లిపోతారు' అని మనసు ముందుకి ఉరుకుతోంది. కాళ్లు మాత్రం రావడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక చేరింది. అడవి ఖాళీగా ఉంది. ఒక్క పిట్ట కూడా పలకలేదు. అంతలో పొదలోంచి అమ్మ పిలిచింది. పిల్లల్ని పొదువుకుని ఒక్కతే ఉంది.

"అందరూ తూర్పుకి పోయారు. నా బిడ్డ వస్తుందని నేను ఆగిపోయాను" అంది అమ్మ.

"అమ్మా, నీళ్లున్నాయి! నిండుగా ఉన్నాయి!"

"అయితే పరిగెత్తు, వాళ్లని ఆపు!"

తుర్రి లేచింది. అడుగు వేయబోయి కూలబడింది. అమ్మ ఆ కాళ్లు చూసింది. పిల్లల్ని తుర్రి పక్కన పడుకోబెట్టి తానే పరుగు తీసింది. పాలిచ్చి చిక్కిపోయిన అమ్మ, కాళ్లకి ఏమీ లేకుండా, ఆ మండుటెండలో!

నిన్న పొద్దున ఆగలేని తుర్రి ఇప్పుడు కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది. ఆకు కదిలితే ఉలిక్కిపడింది. అమ్మ పడిపోయిందేమో, మంద దొరకలేదేమో అని కుమిలింది. తమ్ముళ్లు పాల కోసం ఏడిస్తే వాళ్లతో పాటు తనూ ఏడ్చింది.

పొద్దు వాలాక నేల అదిరింది. ఏనుగు పెద్దమ్మ మందని వెనక్కి తీసుకొచ్చింది. ఆమె తొండంలో అమ్మ ఉంది. ప్రాణంతోనే ఉంది. కానీ అరికాళ్ల తోలు ఊడిపోయి రక్తం కారుతోంది.

"నా తొందరకి నీ కాళ్లు పోయాయి కదమ్మా!" అని తుర్రి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. తమ్ముళ్లు ఆకలితో ఉన్నారు, ముందు వాళ్లని ఇలా ఇయ్యి" అంది అమ్మ.

నీతి: దూరం పోయేటప్పుడు చెప్పు కంటికి నచ్చితే చాలదు, కాలికి నచ్చాలి. అది చూసుకోకుండా తొందరపడితే ఆ నొప్పి మన కాళ్లతోనే ఆగదు.