షుగరు వాళ్ల వరస

పరంధామయ్య మాస్టారు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయి పదేళ్లయినా, ఆయన దగ్గరికి ప్రశ్నలు రావడం మానలేదు. ఏ ప్రశ్నకైనా అక్కడికక్కడ జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆయనకు లేదు. చెప్పులేసుకుని, "నాతో రా" అంటారు.

ఆ రోజు వచ్చినవాడు వంశీధర్. ఇంటర్ పాసయ్యాడు. డిగ్రీ కాలేజీలకు ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టుకోవడానికి సాయంత్రం అయిదింటితో గడువు సరి. తండ్రి కంప్యూటర్స్ పెట్టమన్నాడు. వీడి మనసేమో రెండేళ్లుగా మాస్టారి అరుగు మీద విన్న రాజులూ శాసనాల చుట్టూ తిరుగుతోంది. ఆ మాట తండ్రి ఎదుట అనడానికి నోరు పెగలక, పాపం, ఒక ఉపాయం పట్టుకొచ్చాడు.

"మాస్టారూ, బీఏ హిస్టరీకి మగపిల్లలు పెద్దగా రావట్లేదంటండీ. అందుకని మాలాంటోళ్లకి మంచి కాలేజీలోనే సీటు గ్యారంటీ అంటున్నారు. నిజమేనాండీ? నిజమైతే నాన్నకి అదే చెప్తాను."

మాస్టారు చెప్పులేసుకున్నారు. వీధి చివర పెళ్లి, ఇద్దరికీ పిలుపుంది.

వెళ్లేసరికి మొదటి బంతి నడుస్తోంది. మజ్జిగలోకి వచ్చినవాడెవడో కనిపెట్టి, వాడి కుర్చీ వెనక కాపు కాయడం మనవైపు పెళ్లిళ్లలో పెద్ద విద్య. వంశీధర్‌కి ఆ విద్య రాదు. ఎక్కడ నిలబడ్డా, "ఇక్కడ మేమున్నాం బాబూ" అన్నారు. గోడవార ఒక వరసలో మాత్రం సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక కాపలా కూడా లేదు. అదృష్టమంటే ఇదేననుకుని చటుక్కున కూర్చున్నాడు. మాస్టారు చూసి కూడా ఏమీ అనక, పక్క కుర్చీ లాక్కున్నారు.

అది షుగరు వాళ్లకోసం విడిగా వేసిన వరసని విస్తట్లో కొర్రన్నం పడ్డాక గాని తెలియలేదు.

"ఈ వయసుకే వచ్చేసిందా బాబూ?" అన్నాడు ఎదురుగా ఉన్న పెద్దాయన, ఎంతో జాలిగా.

"లేదండీ. ఖాళీగా ఉంటే కూర్చున్నాను."

వరసంతా నవ్వింది. వాడికి తల కొట్టేసినట్టయింది. లేచిపోదామంటే వడ్డించిన విస్తరి ముందునుంచి లేవకూడదాయె. తలొంచుకుని మెంతికూర పప్పు కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దకి తల పైకెత్తాడు. నాలుగో ముద్దకి నవ్విన వాళ్ల సంగతే మరిచిపోయాడు.

ఇంతలో వడ్డించే ఆయన వంగి, "అటు వరసలో చోటు ఖాళీ అయింది బాబూ. లడ్డూలూ బిర్యానీ అన్నీ అటే. పద, నేను కూర్చోబెడతాను" అన్నాడు.

వంశీధర్ అటు చూడనైనా చూడలేదు. "వద్దండీ. ఇదే ఇంకొంచెం వెయ్యండి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. మాస్టారు తాపీగా కాళ్లు కడుక్కుంటున్నారు. వాడు ఆగలేకపోయాడు. "గంట కూడా లేదండీ. సీటు సంగతి మీరేమీ చెప్పలేదు."

మాస్టారు తువ్వాలు అందుకున్నారు. "ఖాళీగా ఉందని కూర్చున్నావు, బాగానే ఉంది. మారు వడ్డించమని ఎందుకడిగావురా?"

వాడు నోరు తెరిచాడు.

"నాకు కాదు," అన్నారాయన. "మీ నాన్నకి చెప్పు."