పుక్కిట నీళ్లు

త్రిపురారి వేయని వేషం లేదు. విలన్‌గా తిట్లు తిన్నాడు, కమెడియన్‌గా ఈలలు వేయించుకున్నాడు, ముప్పై ఏళ్లకే తాత వేషం కట్టి నిజం తాతల చేత దండాలు పెట్టించుకున్నాడు. యాభై దాటాక సొంతంగా సినిమా తీయడం మొదలుపెట్టాడు. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

సెట్లో ఎవరి సీనైనా సరే, ముందు తనే చేసి చూపించేవాడు. పెళ్లికూతురి సిగ్గూ తనే, కానిస్టేబులు దబాయింపూ తనే. నిర్మాతకు అడ్డుచెప్పే డైరెక్టరెక్కడ! తొమ్మిదో రోజున హీరోయిన్ పావనికి ఏడుపు సీను పడింది. ఆరుసార్లు ఏడ్చి చూపించాడు మహానుభావుడు. ఏడోసారి లేవబోతుంటే ఆ పిల్ల, "నా వేషం కూడా మీరే కట్టండి సార్" అనేసి కారెక్కి వెళ్లిపోయింది. షూటింగు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే త్రిపురారి రేపల్లె వెళ్లి మస్తాన్‌వలీ మాస్టారి ముందు కూర్చున్నాడు. నాటకాల్లో అతని చేత ఓనమాలు దిద్దించింది ఆయనే. ఆ రోజుల్లో రిహార్సల్ జరుగుతున్నంతసేపూ మాస్టారు ఓ పక్కన బుగ్గ ఉబ్బించుకుని కూర్చునేవారు. కిళ్లీ బిగించారని శిష్యులంతా చాటుగా నవ్వుకునేవాళ్లు.

"మంచికే కదా మాస్టారూ చెప్తున్నాను. నాకొచ్చింది వాళ్లకివ్వడం తప్పా? ఈ సినిమా ఆగిపోతే నేనిక తలెత్తుకోలేను" అన్నాడు త్రిపురారి.

మాస్టారు లేచారు. "రిహార్సల్ ఉంది, రా" అని పక్క హాలుకు తీసుకెళ్లారు.

అక్కడ ఆడుతున్నది ఒకప్పుడు త్రిపురారికి పేరు తెచ్చిన నాటకమే. కూతురు ఇల్లు విడిచి వెళ్లిందని తండ్రి ఉత్తరంలో చదువుకునే సీను. ఇప్పుడా తండ్రి వేషం చేనేత సొసైటీ గుమాస్తా ఏసుపాదానిది.

మాస్టారు గ్లాసుతో నీళ్లిచ్చారు. "పుక్కిట పట్టు. సీను అయ్యేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు."

"ఇదేం పరీక్ష మాస్టారూ!"

"పట్టరా."

ఏసుపాదం మూడో మాట అనేసరికి త్రిపురారి పెదాలు వాటంతటవే కదిలాయి. పట్టు చొక్కా తడిసింది. అందరూ గొల్లుమన్నారు. రెండోసారి "అలా కాదయ్యా" అనబోయి గుటుక్కున మింగేశాడు. మాస్టారు నవ్వలేదు, గ్లాసు మళ్లీ నింపారు.

మూడోసారి త్రిపురారి దవడలు బిగించి కూర్చున్నాడు. ఉత్తరం చదివాక అతనైతే "అమ్మా!" అని హాలు దద్దరిల్లేలా అరిచేవాడు. ఏసుపాదం అరవలేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం బయటున్న కూతురి పాత చెప్పులు వానకు తడుస్తాయేమోనన్నట్టు లోపలికి జరిపాడు. అంతే.

మొదటి రెండుసార్లూ కూడా అతను అదే చేశాడు. త్రిపురారికి కనబడనే లేదు.

ఇప్పుడు కళ్లవెంట నీళ్లు కారాయి. నోట్లోవి మాత్రం చుక్క జారలేదు.

సీను అయ్యాక బయటికెళ్లి ఉమ్మి వచ్చాడు. మాస్టారి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"మాస్టారూ, ఆ రోజుల్లో మీ బుగ్గన ఉండేది..."

"నాకు కిళ్లీ అలవాటు ఎప్పుడుందిరా?"

తిన్నగా పావని ఇంటికెళ్లి తప్పయిందన్నాడు త్రిపురారి. రెండు రోజులు బతిమాలితే ఆమె వచ్చింది, ముఖం ముడుచుకునే. మేకప్ వేసుకుని కెమెరా ముందు నిలబడింది.

"ఎలా చెయ్యమంటారు సార్?" అంది బెరుగ్గా.

మళ్లీ మొదలైందిరా దేవుడా అన్నట్టు అందరూ త్రిపురారి వైపు చూశారు. అతను నీళ్ల సీసా మూత తీసి, నోటినిండా పోసుకుని, కుర్చీలో కూర్చున్నాడు.