తల్లిగొర్రె ఎనక

పోయిండు బిడ్డా, కాశికి పోయిండు మీ తాత. ఒక్కపారి గాదు, రెండుపార్లు పోయిండు. నీకు పెట్టెల దొరికిన సంచి గదే. దాంట్ల మూతి గట్టిన సీసా గంగనీళ్లది. పోయిన బేస్తారం, ఇగ పానం నిలువదన్నంక, రెండు సుక్కలు నోట్ల పోద్దామని నేను ఆ సీసా తీస్తే మీ తాత చెయ్యి అడ్డం పెట్టిండు. కుండల నీళ్లు తెమ్మన్నడు. అవే తాగిండు. అవి తాగే పోయిండు. ఎందుకట్ల చేసిండమ్మమ్మా అని నిన్న నువ్వడిగితివి. నిన్న నాకు నోరు రాలే. రాసుడు నాకు తెల్వదు, గీ ఫోన్ల మాట్లాడి పంపుతున్న. పని తీరినంకనే ఇను శైలూ, తొందర లేదు.

జక్కప్ప తాతని ఒక పెద్దమనిషి ఉంటుండె. మాకు గురువు. ఆయనకు మఠం లేదు, కాషాయం లేదు. భుజం మీద నల్లగొంగడి, చేతుల కదురు, గంతే. ఎండలు ముదరక ముందే మేం కురుమోల్లం జీవాలను తోలుకొని ఏటి దిక్కు మేతకు పోతుంటిమి గదా, ఎవలు ఇంత అంబలి పోస్తే వాళ్ల మంద ఎంబడి నడుస్తుండె. నడుసుకుంటనే ఉన్ని వడుకుతుండె. ఏదన్న అడిగితే బదులు చెప్పకపోతుండె. "ఆగు, దారం తెగుతది" అంటుండె. మల్ల ఎప్పుడో కండ్ల ముందర ఏదన్న జరిగితే, అగో చూడు అని దాన్నే చూపిస్తుండె. అదే ఆయన చెప్పే బదులు. నీదే ఊరు తాతా అని నేను ఎన్నిపార్లు అడిగిననో. "ముందర వచ్చేదే" అంటుండె. పెండ్లాం పిల్లలు లేరా అంటే, అంబలి చెంబు మూతికి పెట్టుకొని ఎంతసేపటికీ దించకపోతుండె.

ఇగ నీకు చెప్పని ముచ్చట ఒకటుంది. మీ అమ్మ పుట్టకముందు నాకొక బిడ్డ. ఈదమ్మ. నాలుగేండ్లది. మంద ఎంబడి నడిసి నడిసి కాళ్లు నొస్తే గొర్రెపిల్లల గంపల ఎక్కి కూసుంటుండె, గాడిద మీద. ఒకనాడు పొద్దుగాల కక్కుడు, ఏరుగుడు పట్టుకుంది. ఊరు దూరముంది. మీ తాతేమో ఒక రైతుకు మాటిచ్చిండు, ఆ పొద్దు మందను వాళ్ల చేన్ల ఆపుతనని. ఎరువుకు పెట్టిచ్చుకుంటరు గదా, గట్ల. ఆగుదమయ్యా, పిల్ల తీరు మంచిగ లేదు అన్న. "చేనుకు చేరినంక దవఖానకు తీస్కపోదం, జర నడువు" అన్నడు. నడిసినం. చేనుకు చేరనే చేరినం. పిల్ల చేరలే.

అదే చేను గెట్టు పక్కన గుంత తీసి పెట్టినం. మూడు రాళ్లు పెట్టినం. మర్నాడు తెల్లారంగనే మంద కదిలింది. నీళ్లు లేని కాడ జీవాలు ఆగుతయా బిడ్డా? మేం గుడ కదిలినం. మీ తాత ఆడ ఏడువలే. ఎనకకు మల్లి చూడలే. ఆ దినం సంది పిల్ల పేరు నోటికి తేలే.

అప్పటి సంది మీ తాతకు తిరుగుడు పట్టుకుంది. నేనెవన్ని, ఎందుకు పుట్టిన, ఎందుకు బతుకుతున్న, ఇదే మాట. మేక ఈనుతుంటే గుడ అదే మాట. తెల్లారకముందే లేసి సంచి తీస్కొని పోతుండె. చెప్పకపోతుండె. నేను లేసి చెయ్యి పెడితే పక్క చల్లగుంటుండె. శ్రీశైలం పోయిండు, హరిద్వారం పోయిండు, కాశి పోయిండు. మూడు నెలలకు వస్తుండె, గడ్డం పెంచుకొని, బక్కగయ్యి. దొరికిందా అంటే ఇంక దొరకలే అంటుండె. నేను, మా మరిది కుర్మయ్య మందను చూసుకుంటుంటిమి. పుట్టింటోల్లు వచ్చి, ఇడిసిపెట్టి రా అన్నరు. రాను అన్న. నేను ఒక్కదాన్ని పోతే ఈదమ్మకు అయ్య అవ్వ ఇద్దరు లేనట్లయితది గదా అని నా పిచ్చి.

ఇగ నాలుగో ఏడు. మేతకు పోయే తొవ్వల ఆ చేను వస్తదని మూడేండ్ల సంది మీ తాత మందను గుట్ట పక్క నుంచి సుట్టు తిప్పి తోలుతుండె. పూట నడక ఎక్కువైతది. ఎవలం ఏమనకపోతుంటిమి. ఆ యేడు గుట్ట పక్క తొవ్వను కాలువకని తవ్విండ్రు. ఇగ దిక్కు లేదు, చేను పక్క నుంచే పోవాలె. మీ తాత తల దించుకొని, ఎనక గొర్లను కట్టెతోని పొడుసుకుంట, ఈల ఏసుకుంట, ఉరికిచ్చిండు. నీళ్ల కాడ గుడ నిలువనియ్యలే. అంతకు ముందురోజే ఒక గొర్రె ఈనింది. దాని పిల్లను గంపలకెల్లి దించి పాలు తాగిచ్చి మల్ల గంపల ఏసుడు నా పని. ఆ చేను కాడికి వచ్చేసరికే దాని పాలపొద్దయింది. దించిన. తాగుతుంది. గంతల ఆ గెట్టు అవుపడ్డది. నేను మొఖం అవుతలికి తిప్పుకున్న. మీ తాత తోలు తోలు అని మొత్తుకుంటే తల్లిగొర్రెను మందలకు తోలిన. నడిసిన. ఎనకకు చూడలే.

పొద్దు తిరిగినంక రెండు కోసుల అవుతల మంద ఆపితే, గంపల పిల్ల లేదు. తల్లిగొర్రె అరుసుడు మొదలుపెట్టింది. వచ్చిన తొవ్వకే ఉరుకుతుంటే కుర్మయ్య పట్టుకొచ్చి మేకుకు కట్టేసిండు. పొదుగు రాయి లెక్క అయ్యింది. తాడు గుంజుకుంట ఒకటే అరుపు.

మీ తాతకు గవేం పట్టలే. సంచి సర్దుకున్నడు. జక్కప్ప తాత కాళ్లకాడ కూసున్నడు. "తాతా, ఎవలో సాములు మంచుకొండలకు పోతున్నరంట. ఈపారి పోతే మల్లి రాను. సెలవియ్యి. ఒక్క మాట చెప్పు, నేను ఎతికేది ఎక్కడికి పోతే దొరుకుతది?" అన్నడు.

నేను పొయ్యి కాడ ఉన్న. పిండి కలుపుతున్న చెయ్యి ఆడనే ఆగింది. మల్లి రాడంట.

జక్కప్ప తాత కదురు తిప్పుతుండు. "ఆగు, దారం తెగుతది" అన్నడు. కొంతసేపటికి, "ఆ గొర్రె ఎందుకు మొత్తుకుంటుంది తిమ్మన్నా?" అన్నడు.

"పిల్ల తప్పింది."

"ఇప్పు మరి."

"ఒక్క పిల్ల తాతా. పోతే పోయింది."

"ఇప్పుమన్న. దాని ఎనక పో. తోలకు. అది ఆగిన కాడ ఆగు. ఒచ్చినంక సెలవిస్త."

మా కుర్మయ్య నవ్విండు. "మనిషి ఎనక గొర్రె పోతది గని, గొర్రె ఎనక మనిషి పోవుడేంది తాతా?" అన్నడు. జక్కప్ప తాత తల ఎత్తకుంటనే, "మీ అన్న కాశికి రైలెక్కి పోయినోడు. రెండు కోసులు నడువలేడా?" అన్నడు.

నీకు తెల్వదు గని బిడ్డా, పిల్ల తప్పితే మేం నాలుగు దిక్కుల ఎతకం. తల్లిని ఇడుస్తం. ఆఖరుకు ఎక్కడ పాలిచ్చిందో తల్లి ఆడికే పోతది. పిల్ల గుడ ఎంత తిరిగినా ఆడికే వచ్చి పంటది. కురుమ ఇంట్ల పుట్టినోల్లందరికి తెలుసిది. మీ తాతకు గుడ తెలుసు.

తాడు ఇప్పినం. గొర్రె ముందర, మీ తాత దాని ఎనక, నేను మీ తాత ఎనక. ఎవలు రమ్మన్నరు నన్ను? ఎవలు అన్లే. సంచి ఆయన భుజానికే ఉంది, అటుకెల్లి అటే పోతడేమోనని నా భయం. మీ తాత అడ్డం పడి పోదమని గట్టు మీదికి ఎక్కితే గొర్రె ఎక్కలే. పొద్దుగాల మంద ఏ వంక తిరిగిందో ఆ వంకనే తిరిగింది. మూతి పైకెత్తి ఒక్కపారి అరుసుడు, నడుసుడు.

కల్వర్టు దాటినంక మీ తాత ఆగిండు. చేను అవుపడుతుంది.

"నేను రాను. నువ్వు పోయి పిల్లను పట్టుకరా" అన్నడు.

"జక్కప్ప తాత నిన్ను పొమ్మన్నడు, నన్ను గాదు."

"నాతోని కాదే."

"గొర్రెతోని అయితుంది గదా. చూడు, అది నీకోసం ఆగుతుందా?"

అది ఆగలే. చేన్లకు దిగింది. ఆముదాల చేను, నడుమెత్తు పెరిగింది. ఆ రైతు ఎవలో, మల్ల మేం ఆయన్ను చూడలే, గెట్టు పక్కన మంచమంత జాగ దున్నకుండ ఇడిసిపెట్టిండు. నాలుగేండ్ల సంది నాగలి పెట్టలే. మూడు రాళ్లు అట్లనే ఉన్నయి, ఒకటి పక్కకు ఒరిగింది. ఆ రాళ్లను ఆనుకొని, ఆముదపాకుల నీడల, గొర్రెపిల్ల ముడుసుకొని పండుకుంది.

తల్లి పోయి మూతి పెట్టింది. పిల్ల లేసింది. మోకాళ్ల మీద వంగి, తోక ఊపుకుంట తాగుడు మొదలుపెట్టింది.

మీ తాత నిలవడ్డడు, నిలవడ్డడు. సంచి భుజంకెల్లి జారి కింద పడితే గుడ చూసుకోలే. మెల్లగ కూసున్నడు. ఒరిగిన రాయిని సక్కగ పెట్టిండు. "ఈదమ్మా" అన్నడు. నాలుగేండ్లకు. "ఆ దినం నేను ఆగకపోతి గదమ్మా" అన్నడు. ఇగ ఏడిసిండు బిడ్డా. నాలుగేండ్లు లోపట ఏసి కట్టినదంత ఏడిసిండు. నేను గుడ పక్కకు కూసున్న. గొర్రె పిల్లకు పాలిస్తనే ఉంది. పొద్దు గుట్ట మీదికి దిగేదాక కూసున్నం. ఎవలం ఎవల్నీ లెమ్మనలే.

వచ్చేటప్పుడు పిల్లను గొంగట్ల ఏసుకొని మీ తాతే ఎత్తుకున్నడు. సంచి నేను తెచ్చిన.

మేం మంద కాడికి చేరేసరికి పొయ్యి మీద సంకటి ఉడుకుతుంది. జక్కప్ప తాత అట్లనే కూసోని కదురు తిప్పుతుండు. మీ తాత పిల్లను దించి ఎదురుంగ కూసున్నడు. సెలవు అడగలే. ఏం అడగలే.

జక్కప్ప తాతనే అడిగిండు. "గొర్రె తొవ్వ ఎవల్నన్న అడిగిందా తిమ్మన్నా?"

"లే తాతా."

"మరి యాడికి పోయింది?"

"ఇడిసిపెట్టిన కాడికే పోయింది."

"ఊ" అన్నడు. మల్ల కదురు తిప్పిండు.

నాకేమాయెనో ఆ పొద్దు, నోరు ఆగలే. ఎన్నో ఏండ్ల సంది బదులు రాని మాట మల్ల అడిగిన. అయితే ఇంకో తీరుగ అడిగిన. "తాతా, మరి నువ్వెక్కడ ఇడిసిపెట్టినవు?" అన్న.

కదురు ఆగింది. దారం తెగింది. ఆయన చేతుల దారం తెగంగ నేను చూసుడు అదే మొదలు. తెగిన కొసలు రెండు పట్టుకొని, ముడి ఎయ్యకుండ, పిల్లను నాకుతున్న ఆ గొర్రె దిక్కే చూసిండు.

"గొర్రెకు ఒక్క పూటనే పట్టింది" అన్నడు.

సంకటి పెడితే తిన్నడు. చెంబు కడిగి బోర్లిచ్చిండు. రోజు నేనే కడుగుతుంటి.

నేను సంచి నెత్తి కింద పెట్టుకొని, దాని తాడు చేతికి సుట్టుకొని పన్న. మీ తాత పోతడనే నా భయమంత. తెల్లారి కండ్లు తెరిస్తే సంచి నా నెత్తి కిందనే ఉంది. మీ తాత దాన్ని మల్ల ముట్టలే, గంగనీళ్ల సీసా దాంట్లనే ఉండిపోయింది. మీ తాత గొర్రెపిల్లను గంపల ఏస్తుండు. గొర్రె ఉంది. పిల్ల ఉంది. జక్కప్ప తాత లేడు.